‘సార్‌ని పంపండి’ అంటే...

“మీకు చెప్పినా అర్థం కాదు మేడమ్, సార్‌ని పంపండి” అన్నాడు మెకానిక్. మా పాత కారు పరుగెత్తినంతసేపూ బాగానే ఉంటుంది. సిగ్నల్ దగ్గర ఆగితే చాలు, వేడి చూపించే ముల్లు పైకెక్కేది. రేడియేటరే మార్చాలంటాడు అతను!

నాకు అనుమానమొచ్చింది. కారు వేగంగా వెళ్తుంటే ఎదురుగాలే రేడియేటర్‌ని చల్లబరుస్తుంది. ఆగినప్పుడు ఆ పని ఫ్యాన్‌ది. “ఫ్యూజు, రిలే చూశారా? బ్యాటరీ నుంచి నేరుగా ఫ్యాన్ మోటారుకి 12 వోల్టులు ఇచ్చి చూడండి” అన్నాను. అయిష్టంగానే ఇచ్చాడు. ఫ్యాన్ కదల్లేదు. పోయింది మోటారే! అది మార్చాక ముల్లు మళ్లీ పైకెక్కలేదు.

నేను డిగ్రీ చదివి, కథలు రాసుకునే గృహిణిని. మిక్సీ తిరగకపోతే ముందు ప్లగ్గు చూసి, ఆ తర్వాతే కదా మోటారుని అనుమానిస్తాం? ఇదీ అంతే.

వేడి మీద రేడియేటర్ మూత తీయకూడదనీ, ఇంజను ఆపినా కొన్ని కార్లలో ఫ్యాన్ దానంతటదే తిరగొచ్చు కనుక చెయ్యి పెట్టే ముందు బ్యాటరీ వైరు తీసెయ్యాలనీ మనకీ తెలియాలి. స్టీరింగ్ తిప్పడం నేర్పేవాళ్లు బానెట్ ఎత్తి చూపించరెందుకు? పానా మనమే పట్టనక్కర్లేదు. అడగాల్సిన నాలుగు ప్రశ్నలు తెలిస్తే చాలు, సార్‌ని పంపాల్సిన పనుండదు.