పిల్లలకు కాలితే మొదటి 20 నిమిషాలు

2019 మే 24న సూరత్‌లోని సర్థాణాలో తక్షశిల భవనం అంటుకుని, కోచింగ్‌కు వచ్చిన 22 మంది విద్యార్థులు చనిపోయారు. ఆ తర్వాత చర్చంతా భవనాల అనుమతులు, అగ్నిమాపక ఏర్పాట్ల మీదే నడిచింది. అది అవసరమే. కానీ పసిపిల్లలకు ఎక్కువగా కాలేది ఇలాంటి పెద్ద ప్రమాదాల్లో కాదు, ఇంట్లోనే. వేడి టీ, పాలు, స్నానానికి కాచిన నీళ్లు ఒలికి. తెలంగాణ నుంచి వెళ్లిన చేనేత కుటుంబాలు చాలా కాలంగా ఉంటున్న లింబాయత్ లాంటి చోట్ల వంటా పడకా ఒకే గదిలో అయితే, పాకే బిడ్డకు స్టవ్ చేతికందే దూరంలోనే ఉంటుంది.

అత్యవసర వైద్యం ఆసుపత్రిలో కాదు, ఆ గదిలోనే మొదలవుతుందన్నది నా వాదన. మంట ఆగినా చర్మంలో చేరిన వేడి లోపలికి కాలుస్తూనే ఉంటుంది. దాన్ని ఆపేది మామూలు కుళాయి నీరు. కాలిన చోట 20 నిమిషాలు పారనివ్వాలి. 3 గంటల్లోపు మొదలుపెట్టినా ప్రయోజనం ఉంటుంది. కుళాయి రాని వేళ డ్రమ్ములో నీళ్లు చెంబుతో పోసినా సరే. పసిపిల్లల ఒళ్లు తొందరగా చల్లబడిపోతుంది కాబట్టి గాయం మీదే పోసి, మిగతా ఒంటిని వెచ్చగా కప్పాలి. ఐస్ వద్దు, అది రక్తనాళాలను ముడుచుకునేలా చేసి గాయాన్ని ఇంకా పాడు చేస్తుంది. టూత్‌పేస్టు, పసుపు, సిరా పూస్తే గాయం ఎంత లోతో డాక్టరుకు కనిపించదు. ముందు అదంతా కడగాలి, ఆ బాధ బిడ్డదే.

పిల్లలు చిన్న సైజు పెద్దవాళ్లు కారు. పెద్దవారి శరీర ఉపరితలంలో తల వాటా సుమారు 9 శాతం, పసికందులో దాదాపు అయిదో వంతు. బిడ్డ అరచేయి, వేళ్లతో సహా, ఆ బిడ్డ ఒంట్లో సుమారు 1 శాతం. పిల్లల్లో 10 శాతం దాటి కాలితే సాధారణంగా సెలైన్ ఎక్కించాల్సి వస్తుంది. మొదటి రోజు ద్రవంలో సగం తొలి 8 గంటల్లో వెళ్లాలి. ఆ 8 గంటలు ఆసుపత్రికి చేరినప్పటి నుంచి కాదు, కాలిన క్షణం నుంచి లెక్క. అందుకే టైము గుర్తుపెట్టుకోండి.

ఒకరు నీళ్లు పోస్తుంటే ఇంకొకరు 108కు ఫోన్ చేయాలి. 2005లో హైదరాబాద్‌లో మొదలైన ఆ సేవ 2007 నుంచి గుజరాత్‌లోనూ ఉంది. నంబరు మనవాళ్లకు తెలిసిందే. నీళ్ల సంగతి కూడా అంతే తెలియాలంటే అంగన్‌వాడీల్లో, మిల్లు గేట్ల దగ్గర గుజరాతీతో పాటు తెలుగు, ఒడియా, మరాఠీ, హిందీల్లో నాలుగు వాక్యాల పోస్టరు పెట్టాలి. దీనికి కొత్త పరికరాలేవీ అక్కర్లేదు.