పెరటి చెట్టు, పురుగుల మందు

ఢిల్లీలో వర్షాకాలం వచ్చిందంటే విలేఖరులకు పార్లమెంటు సమావేశాల కాలం వచ్చిందన్నమాట. ఈ శీర్షికను వారం వారం చదివేవారు అక్కడి వాగ్వివాదాల సారాంశాన్నే నా నుండి ఆశిస్తారని ఎరుగుదును. కాని ఈ వారం రాజకీయాలను కాస్త పక్కకు నెట్టి, మా ఇంటి వెనుక ఉన్న జామచెట్టును గురించి వ్రాయదలచాను. ఇది కాలక్షేపానికి వ్రాస్తున్నది కాదు. ఆ చెట్టు మీదుగా ఆలోచిస్తూ పోతే పార్లమెంటు చేసిన ఒక చట్టం దగ్గరకే చేరవలసి వచ్చింది.

దక్షిణ ఢిల్లీలోని పాత కాలనీలను చూసినవారికి తెలుసు. చిన్న ఇళ్లు, వెనుక మూరెడు పెరడు, ఆ పెరట్లో ఎప్పుడో ఎవరో నాటి వెళ్లిన జామ, నిమ్మ, బొప్పాయి. ఇంట్లోని వారు బదిలీల మీద మారుతూ ఉంటారు, చెట్లు మాత్రం ఉంటాయి. నాకు దక్కిన జామచెట్టు అలహాబాద్ సఫేదా రకం. ఏప్రిల్, మే నెలల్లో ఆజాద్‌పూర్ మండీకి వచ్చే మన బంగినపల్లి మామిడిని కూడా ఢిల్లీవారు సఫేదా అనే పిలుస్తారు. ప్రతి పండూ వారికి సఫేదాయే కాబోలు! మొదటి సంవత్సరం ఆగస్టులో చెట్టు విరగకాసింది. మా ఇంటిల్లిపాదీ సంబరపడ్డాం. పండు కోసి చూస్తే లోపల తెల్లని పురుగులు లుకలుకలాడుతున్నాయి. ఒకటి కాదు, వంద కోస్తే తొంభై అంతే.

కాలనీలో సైకిలు మీద తిరిగే తోటమాలి ఒకడు చూసి, ‘దవాయి’ కొట్టాలన్నాడు. మన భాషలోనూ అంతే కదా, విషాన్ని ‘మందు’ అంటాం. పెరటి చెట్టు మందుకు పనికిరాదని మనవారి సామెత. పెరటి చెట్టుకు మాత్రం ఏ మందైనా పనికివస్తుందని మనం నిశ్చయించుకొన్నట్లున్నాం. మరునాడు అతడు ఒక దగ్గుమందు సీసాలో పాలవంటి ద్రవం పోసి తెచ్చాడు. పేరు లేదు, లేబులు లేదు. చట్ట ప్రకారం ప్రతి డబ్బా మీదా ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ త్రికోణాలలో ఏదో ఒకటి ఉండి విషపు తీవ్రతను చెప్పాలి. ఆ సీసా మీద దగ్గుమందు కంపెనీ పేరు తప్ప ఏమీ లేదు. చదువుకొన్నవాడిని, పైగా పత్రికా రచయితను. అడగవలసిన ప్రశ్న ఒక్కటీ అడగకుండా బక్కెట్టు నీళ్లలో కలిపించి చెట్టంతా కొట్టించాను.

మా వీధి చివర వేపచెట్టు క్రింద ఇస్త్రీ బల్ల పెట్టుకొన్న కుటుంబం ఒకటి ఉండేది. వారి ఏడేళ్ల కుర్రవాడు మరునాటి మధ్యాహ్నం గోడ ఎక్కి రెండు కాయలు కోసుకు తిన్నాడు. సాయంత్రానికి వాంతులు, నోటి వెంట చొంగ, చెమటలు. ఆసుపత్రిలో డాక్టరు వాడి కంటిపాపలు సూదిమొనల్లా కుంచించుకుపోవటం చూసి విషయం గ్రహించాడు. “ఏం మందు కొట్టారు?” అని నన్ను అడిగాడు. నా దగ్గర సమాధానం లేదు. రెండు రాత్రులు గడిచాక కుర్రవాడు కోలుకొన్నాడు. మూడవ నాడు అతని తండ్రి ఇస్త్రీ బట్టలు తెచ్చి ఇస్తూ, తన కొడుకు దొంగతనంగా కాయలు కోసినందుకు నన్నే క్షమాపణ కోరాడు. ఆ మాట విన్నప్పటి సిగ్గు ఇన్నేళ్లయినా నన్ను వదలలేదు.

తరువాతనే ఈ వ్యవహారమంతా చదవటం మొదలుపెట్టాను. మొదట తెలిసింది ఏమంటే, ఆ రోజు నేను చేసిన పని క్రూరమే కాదు, నిష్ప్రయోజనం కూడా. జామను పాడుచేసేది పండు ఈగ. కాయ పక్వానికి వచ్చే సమయంలో ఆడ ఈగ తొక్కను సూదితో గుచ్చినట్లు గుచ్చి లోపల గుడ్లు పెడుతుంది. పిల్లపురుగులు గుజ్జు తింటూ పెరుగుతాయి. పండు రాలుతుంది, పురుగు బయటికి వచ్చి మట్టిలో కొద్ది అంగుళాల లోతున కోశస్థ దశలో ఉండి, వారం పది రోజుల్లో ఈగగా లేచి వస్తుంది. పురుగు లోపల చేరిన పండు పైన విషం చల్లితే, ఆ విషం పురుగుకు అందకముందే తినేవాడికి అందుతుంది.

మరి ఉపాయమేమిటి? మొదటిది కాలాన్ని మార్చటం. ఉత్తరాది జామ వసంతంలో పూసి వానల్లో కాస్తుంది. ఈగల తిరునాళ్ల అప్పుడే. వసంతపు పూతను చేతితో రాల్చివేసి, వేసవిలో నీరు తగ్గిస్తే, చెట్టు జూన్, జూలైలలో మళ్లీ పూస్తుంది. ఆ కాపు చలికాలంలో వస్తుంది. అప్పుడు ఈగల బెడద బహు స్వల్పం, రుచి కూడా ఎక్కువ. ఉన్న పూతను రాల్చటానికి మనసొప్పదు, మా ఇంట్లో దీని మీద చిన్న యుద్ధమే జరిగింది. రెండవది, కాయ నిమ్మకాయంత ఉన్నప్పుడే కాగితపు సంచి కట్టటం. మూడవది అన్నిటికంటె ముఖ్యం. రాలిన పండును ఏ రోజుకారోజు ఏరి, రెండడుగుల లోతున పూడ్చటమో, పాలిథిన్ సంచిలో మూతి బిగించి ఎండలో పడవేయటమో చేయాలి. రాలిన పండ్లను చెట్టు క్రిందే వదిలితే రేపటి ఈగలను మనమే పెంచినట్లు.

నాలుగవ ఉపాయానికి ఢిల్లీతో సంబంధమున్న ఒక చరిత్ర ఉంది. బీహారులోని పూసాలో ఉన్న వ్యవసాయ పరిశోధనా సంస్థలో హౌలెట్ అనే కీటక శాస్త్రజ్ఞుడు, సిట్రొనెల్లా నూనెకు మగ పండు ఈగలు మూగటాన్ని పరిశీలించి, 1912-15 మధ్య ప్రచురించిన వ్యాసాలలో మిథైల్ యూజినాల్ అనే ద్రవ్యానికి ఉన్న ఆకర్షణను లోకానికి తెలిపాడు. 1934 భూకంపంలో పూసా భవనాలు దెబ్బతినగా 1936లో సంస్థను ఢిల్లీకి తరలించారు. నేటికీ ఢిల్లీవాసులు దానిని పూసా అనే పిలుస్తారు. హౌలెట్ కనిపెట్టిన ఎరను ఆధారం చేసుకొని పసిఫిక్ మహాసముద్రంలోని రోటా ద్వీపంలో 1960 దశకంలో ఈ ఈగను నిర్మూలించారు. 1986 నాటికి జపాను తన దక్షిణ ద్వీపాల నుండి తుడిచిపెట్టింది. పూసా సంస్థకు ఆరేడు మైళ్లలో కాపురముంటున్న నాకు మాత్రం ఆ ఎర పేరు తెలియలేదు, దగ్గుమందు సీసా దొరికింది.

ఈ ఎరను ఆల్కహాలు, కొద్దిపాటి మలాథియాన్‌తో కలిపి చెక్కముక్కకు పట్టించి, చిల్లులున్న డబ్బాలో వ్రేలాడదీస్తారు. అందులోనూ విషముంది, కాని అది డబ్బాలోనే ఉంటుంది, పండు మీదికి రాదు. ఐతే ఇందులో ఒక చిక్కుంది. అది మగ ఈగలను మాత్రమే లాగుతుంది. ఒక్క ఇంట్లో డబ్బా కడితే పక్కిళ్ల మగ ఈగలు కూడా వచ్చి పడతాయి, గర్భవతులైన ఆడ ఈగలు మాత్రం గోడ దాటి నిశ్చింతగా వస్తూనే ఉంటాయి. వీధి వీధంతా ఒకేసారి కట్టి, రాలిన పండ్లను అందరూ ఏరితేనే ఫలితం. అనగా ఇది ఒక ఇంటి సమస్య కాదు. నా అభిప్రాయంలో విషయమంతా ఇక్కడే ఉంది.

ఆ సంగతి మన పాలకులకు తెలియనిది కాదు. మద్రాసు రాష్ట్రం 1919లోనే తెగుళ్ల చట్టం చేసి, ప్రభుత్వం ఒక పురుగును ప్రకటించినప్పుడు భూమి అనుభవిస్తున్న ప్రతివాడూ నివారణ చర్యలు తీసుకొనక తప్పదన్నది. ఆంధ్ర ప్రాంతానికి ఆ చట్టం వారసత్వంగా వచ్చింది. తెగులు సొంత ఆస్తి కాదని వందేళ్లకు పూర్వమే ఒప్పుకొన్నామన్నమాట.

ఇక పార్లమెంటు మాట. 1958లో కేరళలో పెరాథియాన్ కలిసిన పిండి తిని వందమందికి పైగా మరణించారు. దాని మీద విచారణ జరిగి, పదేళ్లకు 1968లో కీటక నాశనుల చట్టం వచ్చింది. తయారీకి రిజిస్ట్రేషను, అమ్మకానికి లైసెన్సు, డబ్బాకు లేబులు అన్నీ అందులో ఉన్నాయి. 38వ సెక్షను చదివినప్పుడు మాత్రం నేను ఆగిపోయాను. ఎవరైనా తన ఇంటి అవసరాలకుగాని, పెరటి తోటకుగాని, తన సాగులోని భూమికిగాని కీటక నాశని వాడుకొంటే ఈ చట్టంలోని ఏదీ వర్తించదట! పేద రైతును, గృహిణిని కోర్టుల చుట్టూ తిప్పరాదన్న సదుద్దేశమే దీని వెనుక ఉండవచ్చు. దానిని నేను కాదనను, పెరడు పెరడుకూ ఇన్‌స్పెక్టరును పంపమని కోరటం లేదు. కాని ఆ మినహాయింపుతో ప్రభుత్వం వాడకందారును శిక్ష నుండే గాక, సలహా నుండి కూడా మినహాయించినట్లయింది. 2013 జూలైలో బీహారులోని గండామన్ గ్రామంలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది బడిపిల్లలు మరణించారు. వంటనూనెలో తేలినది మోనోక్రోటోఫాస్. పొలం మందు వంటింటి వరకు నడిచి వెళ్లే దారిలో ఎక్కడా కాపలా లేదనటానికి ఇంతకంటె నిదర్శనం ఏం కావాలి?

నేను సలహా కోసం ప్రయత్నించకపోలేదు. ఒక కార్యాలయానికి ఫోను చేశాను. అటునుండి పలికినవాడు మర్యాదస్థుడే. “ఎన్ని ఎకరాలు?” అని అడిగాడు. “ఒక చెట్టు” అన్నాను. కొంతసేపు నిశ్శబ్దం. తరువాత, తమ వద్ద ఆ గడి లేదన్నాడు.

లక్షల ఎకరాల రైతుల కష్టాలే తీర్చలేని ప్రభుత్వం ఒక జామచెట్టును చూస్తుందా అని మీరు అడగవచ్చు. తలచుకొంటే చూస్తుంది. 2013లో భారతదేశం నుండి వెళ్లిన 207 సరుకుల్లో పండు ఈగల వంటి పురుగులు కనిపించాయని ఐరోపా సంఘం 2014 మే నుండి మన మామిడిని నిషేధించింది. వెంటనే ఢిల్లీలో మంత్రిత్వశాఖలు మేలుకొన్నాయి, వేడినీటి శుద్ధి కేంద్రాల మీద శ్రద్ధ వచ్చింది, 2015 ప్రారంభంలో మామిడిపై నిషేధం తొలగింది. లండనులో పండు తినేవాడికి దొరికిన ఆ శ్రద్ధలో పదవ వంతు మన వీధిలో తినేవాడికి దొరకరాదా? పైగా ఈగకు ఎగుమతి తోట, పెరటి చెట్టు అన్న భేదం లేదు. సరిహద్దుల లెక్క కూడా లేదు. మన జామను తినే ఈగలే పాకిస్తాన్ పంజాబు జామతోటలనూ తింటున్నాయి. శ్రీలంక వైపు నుండి వెళ్లిందని భావిస్తున్న ఈగ 2003లో కెన్యాలో కనిపించి, కొద్ది సంవత్సరాలలోనే ఆఫ్రికాలో అనేక దేశాలకు పాకింది.

ప్రభుత్వం పూనుకొంటే ఏమి జరుగుతుందో బొప్పాయి చూపింది. 2008లో కోయంబత్తూరు ప్రాంతంలో కొత్త పిండినల్లి ఒకటి ప్రత్యక్షమై బొప్పాయిని, మల్బరీని, కర్రపెండలాన్ని కప్పివేసింది. ఎన్ని మందులు కొట్టినా దాని మైనపు పూత క్రిందికి చేరలేదు. 2010లో బెంగుళూరులోని జాతీయ సంస్థ ప్యూర్టోరికో నుండి చీమ తలకంటె చిన్నవైన పరాన్నజీవి కందిరీగలను తెప్పించి, పెంచి, పంచిపెట్టింది. ఏడాది తిరిగేసరికి పిండినల్లి అణగిపోయింది. ఆ కందిరీగలు వదలిన చోట రైతు చేయవలసిన ముఖ్యమైన పని ఒక్కటే, మందు కొట్టకుండా ఉండటం. తోటలో జరిగిన ఈ మేలు పెరట్లోని ఒంటి బొప్పాయికీ అందింది. కందిరీగ ఎకరాలు అడగలేదు.

నేను కోరేది పెద్దది కాదు. లేబులు లేని సీసాలో విషం అమ్మేవాడిని పట్టుకోవటానికి కొత్త చట్టం అక్కరలేదు, ఉన్నది చాలు. పురపాలక సంఘాలు దోమల మందుకు వీధి వీధీ తిరుగుతున్నాయి. ఏటా మార్చిలో అదే చేతితో ఇంటికొక ఎర డబ్బా ఇచ్చి, రాలిన పండ్లను విడిగా సేకరిస్తే ఖర్చు ఎంత? హైదరాబాదు, విజయవాడ, విశాఖలలో మిద్దెతోటలు పెరుగుతున్నాయి. డ్రమ్ములలో జామ, నిమ్మ, దానిమ్మ పెంచే మన తెలుగు గృహిణులకు ఈ ప్రశ్న ఢిల్లీ ప్రశ్నగా తోచదనుకొంటాను.

మా వీధి సంగతి చెప్పి ముగిస్తాను. పక్కింటి పంజాబీ పెద్దమనిషిని ఒప్పించటానికి రెండేళ్లు పట్టింది. ఆయన వసంతపు పూత రాల్చటం పాపమంటారు గాని, డబ్బాలు కట్టటానికి సమ్మతించారు. ఇప్పుడు వరుసగా నాలుగు ఇళ్లవాళ్లం డబ్బాలు కడుతున్నాం, ఉదయం నడకకు ముందు పండ్లు ఏరుతున్నాం. గత చలికాలంలో ఇస్త్రీ కుటుంబానికి ఒక బుట్ట నిండా పంపగలిగాం. ఐదవ ఇంటి అధికారి బదిలీ మీద వెళ్లి ఎనిమిది నెలలైంది. ఇంటికి తాళం, పెరట్లో మా చెట్టుకంటె పెద్ద జామచెట్టు, దాని క్రింద మోకాలెత్తు గడ్డిలో రోజూ రాలుతున్న పండ్లు. తాళం చెవి కోసం సంబంధిత కార్యాలయానికి మూడు దరఖాస్తులు పెట్టాం. అది ఎవరి అధీనంలో ఉన్నదో విచారిస్తున్నామని నిన్న జవాబు వచ్చింది.