పేరు బందరుది, లాభం ఎవరిది?

బందరు అనగానే పెద్దలకు రేవు గుర్తుకొస్తుంది. 1611లో ఇంగ్లీషు కంపెనీవారు ఇక్కడ వర్తకశాల పెట్టింది ముఖ్యంగా ఈ ప్రాంతపు బట్టల కోసమే. తరువాత వర్తకం మద్రాసుకు తరలింది. 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెన సుమారు 30 వేల మందిని పొట్టన పెట్టుకుంది. రేవుకు మళ్ళీ పాత వైభవం రాలేదు.

అయినా పట్టణం చేతులు ముడుచుకు కూర్చోలేదు. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య ఇక్కడే ఆంధ్రా బ్యాంకును స్థాపించారు. 1926లో ఆంధ్ర సైంటిఫిక్ కంపెనీ వెలిసింది. ఆ కంపెనీ 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్‌లో కలిసింది. బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమై, పేరు కూడా మిగలకుండా పోయింది.

పెద్ద సంస్థల గతి ఇలా ఉండగా చిన్న చేతిపనులే బందరు పేరు నిలబెడుతున్నాయి. చిలకలపూడి రోల్డుగోల్డు నగలు, రోటిలో దంచి చేసే బందరు లడ్డు, పక్కనే ఉన్న పెడన కలంకారీ అద్దకం ఇందుకు సాక్ష్యం.

కలంకారీ బట్ట ఒక్కరోజులో తయారయ్యేది కాదు. గుడ్డను కరక్కాయ రసంలో తడిపి ఆరబెట్టాలి. తుప్పు ఇనుము, బెల్లం ఊరబెట్టిన నీళ్ళతో నలుపు, పటికతో ఎరుపు పట్టించాలి. చెక్క అచ్చులతో ఒక్కొక్కటిగా అద్ది, పారే నీటిలో ఉతికి, రంగుల కాగులో ఉడకబెట్టాలి. ఇంత శ్రమను, మిల్లులో యంత్రంపై అచ్చేసిన బట్ట అదే పేరుతో, తక్కువ ధరకు అంగట్లో వెక్కిరిస్తోంది.

కలంకారీకి, లడ్డుకు భౌగోళిక గుర్తింపు ఉన్న మాట నిజమే. కానీ కాగితం మీది గుర్తింపు కార్మికుని కడుపు నింపదు. నకిలీలను పట్టుకునే నాథుడు ఉండాలి. అధికారులు అంగళ్ళలో తనిఖీలు జరపాలి. అద్దకందారులకు ఉతుకునీటి వసతి, సరసమైన ధరకు ముడిసరుకు అందించాలి. 2023లో కొత్త రేవు పనులు మొదలయ్యాయి. ఓడలు వచ్చేనాటికి ఎక్కించడానికి మన సరుకు మిగిలి ఉండాలి కదా!

కొనేవారికీ బాధ్యత ఉంది. పెళ్ళికో పండుగకో బట్ట కొనే రైతు కుటుంబాలు ఒక్కసారి దాన్ని తిరగేసి చూడాలి. చేతి అద్దకమైతే రంగు వెనుకవైపుకూ దిగుతుంది, అచ్చుల అతుకుల్లో కాస్త తేడా కనిపిస్తుంది. ఆ తేడాయే మనిషి చెయ్యి పడిన గుర్తు. దాన్ని అడిగి కొననంతకాలం "పేరు గొప్ప, ఊరు దిబ్బ" అన్న సామెత బందరుకే వర్తిస్తుంది.