జవాను కాగితాలు చదివే లాయరు

ధరమ్‌వీర్ సింగ్ 1985లో సిపాయిగా చేరాడు. మూర్ఛ వస్తోందని 1994లో సైన్యం ఇంటికి పంపేసింది. వైకల్యం 20 శాతమని తేల్చిన మెడికల్ బోర్డే, ఆ జబ్బుకు ఉద్యోగంతో సంబంధం లేదని రాసింది. ఆ మాటతో వైకల్య పింఛను పోయింది. చేరేటప్పుడు రికార్డులో లేని జబ్బు తర్వాత వస్తే అది ఉద్యోగం వల్లే వచ్చినట్టు భావించాలనీ, కాదనేవాళ్లే కారణం చూపాలనీ 2013లో సుప్రీంకోర్టు అతని కేసులోనే తీర్పు ఇచ్చింది. అందుకు ఆధారం 1982 నాటి నిబంధనలే. వాటిని చదివి వినిపించే మనిషి 1994లోనే అతని పక్కన ఉండి ఉంటే ఆ కుటుంబానికి అన్నేళ్ల నిరీక్షణ తప్పేదేమో!

మన జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాలు గుర్తింపు కార్డులు, పిల్లల స్కాలర్‌షిప్పులు, వితంతు పింఛను కాగితాల పని చూస్తాయి. మెడికల్ బోర్డు రాసిన ఒక్క వాక్యాన్ని ప్రశ్నించాలంటే మాత్రం చట్టం తెలిసినవాడు కావాలి. జాతీయ న్యాయ సేవల సంస్థ 2025లో కార్గిల్ విజయ దినాన ‘వీర్ పరివార్ సహాయత’ పథకం తెచ్చి, సైనిక బోర్డుల్లో న్యాయ సహాయ కేంద్రాలు పెడతామంది. మంచి పని. కానీ ఆస్తి తగాదాలు, విడాకుల కేసులు చూసే లాయరును వారానికోసారి తెచ్చి కూర్చోబెడితే చాలదు. జీతం మీద పనిచేసే, సైనిక పింఛను నిబంధనలు చదువుకున్న న్యాయాధికారి ప్రతి జిల్లాలోనూ ఉండాలి.

ఎందుకంటే ఇక్కడ ఆలస్యమే అసలు నష్టం. తర్సేమ్ సింగ్ కేసులో 2008లో సుప్రీంకోర్టు చెప్పిన ప్రకారం, ఆలస్యంగా వచ్చిన పింఛను కేసు గెలిచినా బకాయిలు మామూలుగా పిటిషన్‌కు ముందు మూడేళ్లకే దక్కుతాయి. పదిహేనేళ్లు ఊరుకున్నవాడు పన్నెండేళ్ల డబ్బు వదులుకున్నట్టే. రామ్ అవతార్ కేసు తీర్పు 2014లో వచ్చింది. దాని ప్రకారం 20 శాతం వైకల్యాన్ని 50 శాతంగా లెక్కగట్టి పింఛను ఇవ్వాలి. ఈ సంగతి పల్లెలో ఉన్న మాజీ హవల్దారుకు ఎవరు చెప్పాలి? అప్పీలు గడువు దాటకుండా ఎవరు చూడాలి? అప్పీలునూ తోసిపుచ్చితే మిగిలేది సాయుధ దళాల ట్రిబ్యునల్. మన ఆంధ్రకు దాని బెంచి చెన్నైలో ఉంది.

1987 నాటి న్యాయ సేవల చట్టం కింద మహిళలకు, వికలాంగులకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత లాయరు దొరుకుతాడు. అంటే జవాను భార్యకూ, గాయపడి వికలాంగుడైన జవానుకూ ఆ హక్కు ఇప్పటికే ఉంది. అది తెలియకే ఎందరో వచ్చే బకాయిల్లో లాయరుకు వాటా ఇస్తామని ఒప్పుకునే ప్రమాదం ఉంది. అలాంటి వాటా ఒప్పందాన్ని బార్ కౌన్సిల్ నియమాలే నిషేధించాయి.

ఇంకో పని కూడా న్యాయాధికారి మీద పెట్టాలి: గెలవని కేసును గెలవదని ముఖం మీద చెప్పడం. ఆ మాట వినక ఏళ్ల తరబడి కోర్టు చుట్టూ తిరిగే ముసలాయనను చూస్తే గుండె తరుక్కుపోతుంది.

పశ్చిమ గోదావరి జిల్లా మాధవరాన్ని జనం మిలిటరీ మాధవరమనే పిలుస్తారు. అక్కడ తరతరాలుగా సైన్యంలో చేరుతూనే ఉన్నారు. తొలి న్యాయాధికారిని అలాంటి ఊరికే పంపండి. ఎవరైనా దరఖాస్తు పెట్టేదాకా ఆగకుండా, జవానుకు డిశ్చార్జి బుక్కు చేతికొచ్చిన నెలలోనే న్యాయాధికారి అతని ఇంటికి వెళ్లి మెడికల్ బోర్డు కాగితం అడిగి తీసుకుని చదవాలి.