కల్తీ సారా, కువైట్ గదులు: విదేశాంగ మంత్రిగారికి బహిరంగ లేఖ

అయ్యా,

2025 ఆగస్టులో కువైట్‌లో కల్తీ సారా తాగి 23 మంది చనిపోయారు. ఆసుపత్రుల్లో చేరినవాళ్లలో మనవాళ్లు సుమారు 40 మంది ఉన్నారని మన రాయబార కార్యాలయమే చెప్పింది.

అక్కడ మద్యం తయారీ, అమ్మకం, దిగుమతి నేరాలే. ఆ చట్టాన్ని నేను తప్పుపట్టడం లేదు. కానీ రాజంపేట, రాయచోటి, కోనసీమ నుంచి అక్కడికి వెళ్లినవాళ్లు ఒకే గదిలో ఆరేడుగురు సర్దుకుని బతుకుతారు. సెలవు రాత్రి ఎవరో తెచ్చిన నీళ్ల సీసాలో ఏముందో ఎవరికి తెలుసు? మిథనాల్ అయితే తాగినప్పుడు మామూలు మత్తే. పన్నెండు గంటలకో, ఒక్కోసారి రోజు గడిచాకో విషం బయటపడుతుంది: వాంతులు, కడుపునొప్పి, కళ్ల ముందు మసక. అప్పుడైనా ఆసుపత్రికి పరుగెత్తితే విరుగుడు ఉంది, డయాలిసిస్ ఉంది. కానీ పోతే కేసవుతుందని, దేశం నుంచి పంపేస్తారని భయం. ఊళ్లో వీసా కోసం చేసిన అప్పు తీరలేదు. అందుకే తాగినవాడు దుప్పటి కప్పుకుని పడుకుంటాడు. నా గుండె తరుక్కుపోయేది ఇక్కడే.

ప్రయాణానికి ముందు మీ శాఖ ఇప్పించే శిక్షణలో ఈ లక్షణాలు తెలుగులో చెప్పించండి. చికిత్సకు వచ్చినవాళ్లపై కేసు పెట్టవద్దని కువైట్‌ను ఒప్పించండి.

ఇట్లు,
కువైట్‌లో తమ్ముడున్న ఒక అన్న