పప్పీ గిన్నెలో పచ్చి చికెన్.. డ్రై ఫుడ్‌తో కలిపి పెట్టొచ్చా? అసలు రిస్క్ ఎక్కడుందంటే..

పప్పీ ఇంటికొచ్చిన మొదటి వారంలోనే చాలా ఇళ్లలో దాని తిండి మీద వాదన మొదలవుతుంది. బ్రీడర్ డ్రై ఫుడ్ ప్యాకెట్ చేతిలో పెట్టి ఇదే పెట్టమంటాడు. ఇంట్లో పెద్దవాళ్లు పెరుగన్నం సరిపోదా అంటారు. యూట్యూబ్ వీడియోలో ఇంకొకరు కుక్క అంటే తోడేలే, పచ్చి మాంసమే దాని అసలు తిండి అని తేల్చేస్తారు. చివరికి అందరూ ఒప్పుకునే మధ్యేమార్గం ఒకటి దొరుకుతుంది.. సగం డ్రై ఫుడ్, సగం పచ్చి చికెన్. చికెన్ షాపులో మెడలు, స్కిన్ చవగ్గా దొరుకుతాయి కాబట్టి ఖర్చు కూడా కలిసొస్తుంది.

ఈ మధ్యేమార్గం మీద వినిపించే అభ్యంతరం ఎప్పుడూ ఒకటే. రెండూ కలిపితే అరగదు, డ్రై ఫుడ్ ఆలస్యంగా, పచ్చి మాంసం తొందరగా అరుగుతాయి, అందుకే పొద్దున ఒకటి, రాత్రి ఒకటి పెట్టాలి అంటారు. ఈ మాటకు గట్టి ఆధారం లేదు. అన్నం, మాంసం, కొవ్వు ఒకే పూట తిని అరిగించుకోవడం కుక్క కడుపుకు కొత్త కాదు. మనుషుల దగ్గర బతకడం మొదలుపెట్టాక కుక్కల్లో పిండిపదార్థాన్ని అరిగించే జన్యువు కాపీలు తోడేళ్లకంటే బాగా పెరిగాయని 2013లో 'నేచర్' పత్రికలో వచ్చిన పరిశోధన తేల్చింది. అంటే తోడేలు వాదన సగమే నిజం. రెండూ ఒకే గిన్నెలో కలపడం వల్ల వచ్చే ముప్పు పెద్దగా లేదు. ఆలోచించాల్సింది ఆ చికెన్ పచ్చిగా ఉండటం గురించి, దాని పాళ్ల గురించి.

గోదావరి జిల్లాలు నేర్పిన పాఠం

2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ ఎలా విరుచుకుపడిందో ఎవరూ మర్చిపోలేదు. కోళ్ల ఫారాల్లో లక్షల కోళ్లు చచ్చిపోయాయి. శాంపిళ్లలో హెచ్5ఎన్1 వైరస్ ఉన్నట్టు భోపాల్‌లోని జాతీయ ల్యాబ్ నిర్ధారించింది. ఏపీ నుంచి వచ్చే కోళ్ల లారీలను తెలంగాణ సరిహద్దులోనే ఆపేసింది. ఆ తర్వాత మార్చిలో పల్నాడు జిల్లాకు చెందిన రెండేళ్ల పాప హెచ్5ఎన్1 సోకి చనిపోయింది. కూర వండుతున్నప్పుడు పాప అడిగితే ఒక పచ్చి ముక్క ఇచ్చామని కుటుంబ సభ్యులు అధికారులకు చెప్పారు. అదే చికెన్ వండాక తిన్న ఇంట్లోవాళ్లకు ఏమీ కాలేదు.

ఒకే ఇంట్లో ఒకే చికెన్. ఉడికింది ఒకరికి, పచ్చిది ఒకరికి. పప్పీ గిన్నె గురించి మాట్లాడేటప్పుడు ఈ సంగతి పక్కన పెట్టి మాట్లాడలేం. చికెన్‌లోని అన్ని భాగాలూ 70 డిగ్రీల సెల్సియస్ వేడికి చేరితే ఈ వైరస్ చస్తుంది. ఫ్రీజర్‌లో పెడితే మాత్రం చావదు. చాలామంది పొరబడేది ఇక్కడే. డీప్ ఫ్రిజ్‌లో రెండు రోజులుంచి తీసి పెడుతున్నాం కాబట్టి భయం లేదనుకుంటారు. గడ్డకట్టిన మాంసంలో వైరస్ అయినా, సాల్మొనెల్లా బ్యాక్టీరియా అయినా అలాగే ఉండిపోగలవు.

బర్డ్ ఫ్లూ కుక్కలకు వస్తుందా? పిల్లులతో పోలిస్తే చాలా తక్కువ. అయినా రాకుండా పోలేదు. 2004లో థాయ్‌లాండ్‌లో బాతు మాంసం తిన్న ఒక కుక్క, 2023లో కెనడాలో అడవి గూస్ పక్షిని కొరికిన మరో కుక్క ఈ వైరస్‌తోనే చనిపోయాయి. పిల్లుల విషయంలో అయితే పచ్చి ఫీడ్ నుంచే వైరస్ వచ్చిన దాఖలాలు ఉన్నాయి. 2023లో దక్షిణ కొరియాలో పిల్లుల షెల్టర్లకు వెళ్లిన ఫీడ్‌లోనే వైరస్ దొరికింది. 2024 డిసెంబర్‌లో అమెరికాలోని ఓరెగాన్‌లో పచ్చి టర్కీ ఫుడ్ తిన్న ఒక పిల్లి చనిపోయింది. ఆ వరసలోనే 2025 జనవరిలో అక్కడి ఎఫ్‌డీఏ, పచ్చి మాంసంతో పెట్ ఫుడ్ తయారుచేసే కంపెనీలన్నీ తమ సేఫ్టీ ప్లాన్‌లలో హెచ్5ఎన్1ను కూడా లెక్కలోకి తీసుకోవాల్సిందేనని చెప్పింది.

పప్పీకి ఏమీ కాకపోయినా..

బర్డ్ ఫ్లూ లేని రోజుల్లోనూ సమస్య ఉంటుంది. ఎఫ్‌డీఏ అంతకుముందే మార్కెట్లో దొరికే 196 పచ్చి పెట్ ఫుడ్ శాంపిళ్లను పరీక్షిస్తే 15 వాటిలో సాల్మొనెల్లా, 32 వాటిలో లిస్టీరియా బయటపడ్డాయి. అవి కంపెనీల్లో ప్యాక్ అయి వచ్చినవి. ఎండలో బల్ల మీద కోసి, నల్ల కవర్లో వేసిచ్చే మెడలు, స్కిన్ అంతకంటే శుభ్రంగా ఉంటాయని ఎవరు చెప్పగలరు?

సాల్మొనెల్లా ఉన్న మాంసం తిన్నా చాలా కుక్కలు పైకి మామూలుగానే ఉంటాయి. కానీ వాటి మలంలో, నోట్లో ఆ బ్యాక్టీరియా ఉంటుంది. పప్పీ అంటే రోజంతా ఇంట్లో పిల్లల మూతి నాకుతూ, హాల్లోనే మూత్రం, మలం పోసే వయసు. బ్రిటన్‌లో బ్రిస్టల్ యూనివర్సిటీ పరిశోధకులు 16 వారాల వయసు పప్పీల మలం పరీక్షిస్తే, పచ్చి మాంసం తినేవాటిలో యాంటీబయాటిక్స్‌కు లొంగని ఈ-కొలై ఎక్కువగా కనిపించింది. ఆ పప్పీలు జబ్బుపడినవి కావు. చూస్తే ఆరోగ్యంగా ఉన్నవే. నెలల పసిబిడ్డ, గర్భిణి, కీమో తీసుకుంటున్న పెద్దవాళ్లు ఉన్న ఇంట్లో ఈ లెక్క ఇంకా ముఖ్యం. పెంపుడు జంతువులకు పచ్చి మాంసం పెట్టొద్దని అమెరికా వెటర్నరీ వైద్యుల సంఘం 2012 నుంచీ చెబుతోంది.

మెడల గురించి ఇంకో మాట. ఆస్ట్రేలియాలో కుక్కలకు పచ్చి చికెన్ మెడలు పెట్టడం బాగా అలవాటు. వెనక కాళ్లతో మొదలై నాలుగు కాళ్లూ చచ్చుబడే ఒక జబ్బుకు, ఈ పచ్చి చికెన్‌కు సంబంధం ఉందని మెల్‌బోర్న్ యూనివర్సిటీ 2018లో బయటపెట్టింది. చికెన్‌లో ఉండే కాంపైలోబ్యాక్టర్ అనే బ్యాక్టీరియా మీద వాళ్ల అనుమానం. జబ్బు అరుదే, చాలా కుక్కలు కోలుకుంటాయి కూడా. కానీ కోలుకోవడానికి నెలలు పట్టొచ్చు.

అలాగని డ్రై ఫుడ్‌కు క్లీన్ సర్టిఫికెట్ ఇచ్చేయలేం. 2023లో అమెరికాలో డ్రై డాగ్ ఫుడ్ నుంచే సాల్మొనెల్లా మనుషులకు పాకింది. జబ్బుపడినవాళ్లలో ఎక్కువమంది పసిపిల్లలే. పైగా పచ్చి తిండి వైపు మాట్లాడే పరిశోధన కూడా ఉంది. పప్పీగా ఉన్నప్పుడు ప్రాసెస్ చేయని మాంసం, ఇంటి తిండి తిన్న కుక్కలకు పెద్దయ్యాక దీర్ఘకాలిక పేగు జబ్బులు తక్కువగా వచ్చాయని హెల్సింకీ యూనివర్సిటీ 2023లో చెప్పింది. అది యజమానులు నింపిన ప్రశ్నాపత్రాల మీద ఆధారపడిన లెక్క. అలాంటి సర్వేలో లింక్ కనిపిస్తుంది కానీ కారణం తేలదు. తీసిపారేయాల్సిన విషయం కాదు గానీ, దాన్ని చూసి రేపటి నుంచి పచ్చి మెడలు పెట్టేయడం తొందరపాటే.

ఉడికించినా తీరని సమస్య

సరే, చికెన్ ఉడికించే పెడతాం.. ఇక ఇబ్బంది లేదు కదా? సూక్ష్మజీవుల భయం పోతుంది. కాల్షియం గొడవ మాత్రం అలాగే ఉంటుంది. దీని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.

ఎముక లేని చికెన్‌లో ఫాస్ఫరస్ ఎక్కువ, కాల్షియం బాగా తక్కువ. కాల్షియం ఒక వంతు ఉంటే ఫాస్ఫరస్ 15 వంతులకు పైనే. ఎదిగే పప్పీకి కావాల్సింది దాదాపు సమానంగా, లేదంటే కాల్షియమే కాస్త ఎక్కువగా. వారాల తరబడి గిన్నెలో సగం చికెనే ఉంటే ఒంటికి కావాల్సిన కాల్షియం ఎముకల నుంచే లాక్కోవాల్సి వస్తుంది. ఎముకలు పల్చబడతాయి, కాళ్లు వంకర తిరుగుతాయి, సోఫా మీంచి దూకితేనే విరగొచ్చు. బయటికి పప్పీ బొద్దుగా, హుషారుగా ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

భయపడి కాల్షియం సిరప్ పోయడం ఇంకో తప్పు. ఆరు నెలల లోపు పప్పీ పేగులు కాల్షియం ఎక్కువైతే వద్దని ఆపలేవు. ల్యాబ్రడార్, జర్మన్ షెపర్డ్, రాట్‌వీలర్ లాంటి పెద్ద జాతుల్లో అది ఎక్కువైనా ఎముకల ఎదుగుదల దెబ్బతింటుంది. మంచి పప్పీ ఫుడ్‌లో ఈ పాళ్లు ముందే సరిచూసి ఉంటాయి. పెద్ద జాతి పప్పీల ఎదుగుదలకు పనికొస్తుందని ప్యాకెట్ మీద రాసి ఉందో లేదో చూసి కొనాలి. పెద్ద కుక్కల ప్యాకెట్ తెచ్చి పప్పీకి పెట్టేవాళ్లూ ఉన్నారు, అదీ వద్దు.

మరి చికెన్ ఎంత పెట్టొచ్చు? పైనుంచి కలిపేది ఏదైనా రోజు మొత్తం కేలరీల్లో పదో వంతు దాటకూడదని వెట్ డాక్టర్లు చెబుతారు. రెండు నెలల, 5 కిలోల ల్యాబ్రడార్ పప్పీకి రోజుకు సుమారు 700 కేలరీలు కావాలి. అందులో పదో వంతు అంటే 70. అంటే ఎముక, స్కిన్ లేకుండా ఉడికించిన చికెన్ 45 గ్రాములు.. మూడు నాలుగు చిన్న ముక్కలు, అదీ రోజు మొత్తానికి. మిగతాదంతా పప్పీ ఫుడ్, నాలుగు పూటలుగా. నాలుగు నెలలు వచ్చాక మూడు పూటలు చాలు.

ఇంటి కూరలోంచి తీసి పెట్టడం మాత్రం అసలు కుదరదు. ఉల్లిపాయ, వెల్లుల్లి కుక్క రక్తకణాలను దెబ్బతీస్తాయి. ఉడికిన ఎముకలు సూదుల్లా చీలి పేగుల్లో గుచ్చుకుంటాయి. ఉప్పు, మసాలా లేకుండా విడిగా ఉడికించాల్సిందే. పచ్చి చికెన్ కోసిన చాకు, బల్ల, సింక్ సబ్బుతో కడగాలి. ఇప్పటిదాకా పచ్చిది అలవాటైన పప్పీని ఒక్కరోజులో మార్చొద్దు, వారం రోజులు కొద్దికొద్దిగా మార్చాలి.

ఈ లోపు విరేచనాలు మొదలైతే తిండి మారింది కాబట్టేలే అని ఊరుకోవడం ప్రమాదం. టీకాల కోర్సు పూర్తికాని పప్పీల్లో పార్వో కూడా వాంతులు, విరేచనాలతోనే మొదలవుతుంది. ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం మీదికి తెస్తుంది. రక్తం కనిపించినా, తిండి ముట్టకపోయినా, పప్పీ డీలా పడినా అదే రోజు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. అంతకుముందు పచ్చి చికెన్ ఏమైనా తినుంటే ఆ సంగతి డాక్టర్‌కు ముందే చెప్పాలి.