భాష దానంతట అదే రాదు

"పోతే అదే వస్తది, నాలుగు నెలలుంటే భాష ఎంతసేపు?" వలస పోయేవాళ్లకు ఏజెంటు చెప్పే ఈ మాటనే చదువుకున్నవాళ్లు కొంచెం నున్నగా చెప్తుంటారు. పాలమూరు (మహబూబ్‌నగర్) మనిషిని ఎక్కడ పడేసినా బతుకుతాడట, భాష అతనికి అడ్డమే కాదట. వినడానికి పొగడ్తే. కానీ ఆ పొగడ్త చాటున బాధ్యత ఎగ్గొట్టేది యజమానీ, ప్రభుత్వమూ.

ఇందులో కొంత నిజం లేకపోలేదు. ముంబైలోని కామాఠీపురాకు ఆ పేరు వచ్చిందే హైదరాబాదు రాజ్యం నుంచి పోయిన కామాఠీ కూలీల వల్ల. నల్గొండ పద్మశాలీలు భివండి పద్మనగర్‌లో సాంచెలు (మరమగ్గాలు) నడుపుకుంటూ హిందీ, మరాఠీ పట్టుకున్నారు. నారాయణపేట సంతలో తెలుగు, కన్నడం, మరాఠీ, ఉర్దూ నాలుగూ వినబడతాయి. మనోళ్లు మాట నేర్వలేరని ఎవరన్నారు?

అయితే సంతలో బేరమాడే మాట కూలీ హక్కును కాపాడదు. ఆనకట్టల పనులకు పోయిన పాలమూరు లేబర్‌ను చూడండి. కాంట్రాక్టరుతో మాట్లాడేది గుంపు మేస్త్రీ ఒక్కడే. అడ్వాన్సు ఎంత, కోత ఎంత, లెక్క ఎప్పుడు తెగుతుంది, అన్నీ అతని నోటే వినాలి. మేస్త్రీ పెత్తనానికి అడ్వాన్సు ఎంత బలమో, కాంట్రాక్టరు భాష అతనికే రావడమూ అంతే బలం. అందుకే, 2025లో రద్దయిన 1979 అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం 12వ సెక్షన్, కూలీకి ఫొటో అంటించిన పాస్‌బుక్ ఇవ్వాలంది. పని ఎక్కడ, ఎన్నాళ్లు, కూలి ఎంత అన్నది హిందీ, ఇంగ్లిష్‌తో పాటు అతని సొంత భాషలోనూ రాయాలంది. తెలుగులో రాసిన ఆ పాస్‌బుక్ ఎంతమంది పాలమూరు కూలీల చేతికొచ్చిందో మేస్త్రీలనే అడగండి.

గల్ఫ్‌లో ఉచ్చు ఇంకో రకం. అక్కడి క్యాంపుల్లో నడిచేది హిందీ, ఉర్దూ. నేపాలీ, పాకిస్తానీ, బంగ్లాదేశీ అందరూ దాంతోనే నెట్టుకొస్తారు. నిజాం కాలపు ఉర్దూ చెవిన పడ్డ మన జిల్లాలవాళ్లకు అది మరీ తేలిక. ఆ తేలికతనం వల్లే ఏళ్లు గడిచినా అరబ్బీ "యల్లా" (పద పద) దగ్గరే ఆగిపోతుంది. వంట, గది, రంజాన్ నెలలో పగటిపూట బయట తినొద్దన్న జాగ్రత్త, ఇవన్నీ తోటివాళ్లు నేర్పుతారు. ఇఖామా (నివాస అనుమతి) గడువు ఎప్పుడు తీరుతుందో, సంతకం పెట్టమన్నది జీతం రసీదో రాజీనామా కాగితమో ఎవరు చెప్పాలి? సౌదీ కార్మిక చట్టం 9వ నిబంధన ప్రకారం అరబ్బీ ప్రతికీ, మరో భాషలోని ప్రతికీ తేడా వస్తే అరబ్బీదే చెల్లుతుంది. ఇంగ్లిష్ మీడియం చదివిస్తే అన్నీ తీరతాయనేవాళ్లు దీనికేమంటారు? జీతం రాక కంపెనీ వదిలి కల్లివెల్లి (కాగితాల్లేని కూలీ) అయినవాణ్ణి మాత్రం, పాపం, సర్దుకోలేకపోయాడని మనం సులువుగా తేల్చేస్తాం.

యూఏఈ 2016 నుంచి ఉద్యోగ ఒప్పందాన్ని అరబ్బీ, ఇంగ్లిష్‌తో పాటు కార్మికుడికి అర్థమయ్యే మూడో భాషలోనూ ఇవ్వాలంది. అప్పుడు ప్రకటించిన 11 భాషల్లో హిందీ, ఉర్దూ, బెంగాలీ, మలయాళం, తమిళం ఉన్నాయి. తెలుగు లేదు. ఇన్ని లక్షలమందిని గల్ఫ్‌కు పంపిన రెండు రాష్ట్రాలు అందుకు సిగ్గుపడాలి.

నేర్పితే వస్తుందనడానికి రుజువు మన దగ్గరే ఉంది. జర్మనీ పోయే నర్సులకు తెలంగాణ ప్రభుత్వ విదేశీ ఉద్యోగాల సంస్థ టామ్‌కామ్ నెలల తరబడి జర్మన్ నేర్పిస్తోంది. మంచిపనే. మరి పది పాసు కాక, పాస్‌పోర్టు మీద ఈసీఆర్ (వలసకు ముందు అనుమతి తప్పనిసరి) ముద్ర వేయించుకుని పోయే కూలీకి ప్రయాణానికి ముందు దొరికేది ఒక్కరోజు శిక్షణ. నర్సుకు నెలలు కావాల్సిన భాష, బడి ముఖం సరిగ్గా చూడని కూలీకి గాలిలోంచి వస్తుందా?

నల్గొండలో, మహబూబ్‌నగర్‌లో అరబ్బీ తరగతులు పెట్టాలి. ఒప్పందం చదవడం, ఇఖామా వివరాలు చూసుకోవడం, రాయబార కార్యాలయానికి ఫోన్ చేసి గోడు చెప్పుకోవడం వాటిలో నేర్పాలి. తెలుగు ప్రతి ఇవ్వకుండా సంతకం పెట్టించే ఏజెంటు లైసెన్సు రద్దు చేయాలి. ఈసారి ఓటడగడానికి వచ్చే నాయకుణ్ణి ఈ రెండిటి గురించే నిలదీయండి.